నాటకం చూసి రాయడం కూడా చదువేనా?

ప్రశ్న: మాది నిజాంపేట. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ చేసి, పట్టుబట్టి బీఏలో చేరింది. ఇప్పుడు రెండో ఏడాది. నెలకో నాటకం చూడాలట, వచ్చి నాలుగు పేజీలు రాయాలట. ఒకసారి ల్యాప్‌టాప్‌లో ఒపెరా అనే పాశ్చాత్య సంగీత నాటకం, ఇంకోసారి మ్యూజియంలో బొమ్మలు. సినిమా చూసొచ్చి కథ చెప్పడానికీ దీనికీ తేడా ఏముంది? పైగా ఏఐని అడిగితే క్షణంలో రాసిస్తోంది. దీంతో ఉద్యోగం వస్తుందా? డిగ్రీ మార్పించమంటారా?

జవాబు: అమ్మాయి రాస్తున్నది కథే అయితే మీ కంగారులో తప్పు లేదండీ. కానీ కథ రాసుకొస్తే ఆ కోర్సులోనూ మార్కులు పడవు. తను ఏం చూసింది, దాన్నిబట్టి ఏమనుకుంటోంది, ఎందుకు అలా అనుకుంటోంది అన్నదే వాళ్లు అడిగేది.

సాలార్‌జంగ్ మ్యూజియానికి మీరు వెళ్లే ఉంటారు. గంట కొట్టే గడియారం దగ్గర గుంపులో నిలబడి, మేలిముసుగు రెబెకా పాలరాతి విగ్రహం దగ్గర నోరు తెరిచి, బయటికొచ్చేసి ఉంటారు. అందరం అంతే. ఈసారి చెక్కతో చేసిన జంట విగ్రహం దగ్గర ఆగండి. ముందు నుంచి చూస్తే పొగరుగా నిలబడ్డ మెఫిస్టోఫిలిస్ అనే దయ్యం. వెనకున్న అద్దంలో చూస్తే తలవంచుకుని, చేతిలో ప్రార్థన పుస్తకం పట్టుకున్న మార్గరెట్టా. ‘శిల్పి పనితనం అద్భుతం’ అని ఎవరైనా రాస్తారు. ‘అమ్మాయి ముఖం కోసం అద్దంలోకి తొంగిచూశాను, పక్కనే నా ముఖం కూడా కనిపించింది’ అని రాసిన పిల్ల చూడటం నేర్చుకుంటోందని అర్థం.

ఆ తర్వాత ఒపెరా పనికొస్తుంది. ఈ ఇద్దరూ జర్మన్ కవి గోథే రాసిన ‘ఫౌస్ట్’ అనే నాటకంలోని పాత్రలు. మొదటి భాగం 1808లో వచ్చింది. అందులో మార్గరెట్టా చర్చిలో ఉన్నప్పుడు వెనక నుంచి ఒక దుష్టాత్మ ఆమెను వేధిస్తుంది. ఫ్రెంచ్ స్వరకర్త గూనో 1859లో పారిస్‌లో ప్రదర్శించిన ఒపెరాలో ఆ గొంతు సాక్షాత్తూ మెఫిస్టోఫిలిస్‌దే. అది విన్న చెవులతో వచ్చి చూస్తే, వీపులు కలిసిన ఈ విగ్రహం ఆ చర్చి సన్నివేశంలా అనిపించవచ్చు. శిల్పి మనసులో అదే ఉందని మాత్రం రుజువు లేకుండా రాయకూడదు. ‘నాకు ఇలా తోచింది’కీ ‘ఇది ఇలాగే’కీ మధ్య గీత ఎక్కడ గీయాలో తెలియడమే ఈ చదువులో కష్టమైన భాగం. కోర్టు కాగితాలు రాసేవాళ్లకీ, కంపెనీల్లో కస్టమర్లతో మాట్లాడి రిపోర్టు రాసేవాళ్లకీ కావలసింది అదే.

ఒపెరా అంటే బెదరకండి. మన పద్యనాటకంలో వచనం నడిచి నడిచి, గుండె బరువెక్కిన చోట పద్యం అందుకుంటారు కదా. అక్కడా అంతే. మాటకు దగ్గరగా సాగేది రెసిటటివ్, రాగం విప్పుకునేది ఆరియా. నచ్చితే మళ్లీ పాడమని కేకలేయడం వాళ్లకీ ఉంది.

ఏఐ సంగతి. అచ్చయిన నాటకం గురించి అది బాగానే చెబుతుంది. కానీ ఆ సాయంత్రం రవీంద్రభారతిలో మైకు గరగరలాడితే నటుడు గొంతు పెంచాడా, నాలుగడుగులు ముందుకొచ్చాడా అన్నది హాల్లో కూర్చున్నవాళ్లకే తెలుసు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజం వాళ్ల నాటకం మీద నేను చదువుకునే రోజుల్లో రాసిన మొదటి వ్యాసంలో ‘ఆద్యంతం రక్తికట్టింది’ అని గొప్పగా ముగించాను. మాస్టారు ఎర్రసిరాతో కొట్టేసి, ‘బాణాలు ఢీకొన్నప్పుడు వాటిని నడిపే తీగ కనిపించిందా? కనిపించినా చప్పట్లు ఎందుకు కొట్టారు?’ అని రాశారు. ఇప్పటికీ దానికి పూర్తి జవాబు దొరకలేదు నాకు.

ఇక జీతం మాట. నాటక సమీక్షలు రాసి హైదరాబాద్‌లో అద్దె కట్టడం కష్టం, అది దాచను. పీజీ చేస్తే దారులున్నాయి. గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్ల సరోజినీ నాయుడు స్కూల్‌లో థియేటర్, కళాచరిత్ర రెండూ ఉన్నాయి. బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీలో కళాచరిత్రతోపాటు మ్యూజియాలజీ (మ్యూజియాల నిర్వహణ చదువు) కూడా ఉంది. ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా మూడేళ్ల కోర్సు రంగస్థలం మీద పనిచేయాలనుకునేవాళ్లకు, రాతకు కాదు. పీజీ తర్వాత యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష పాసైతే లెక్చరర్ ఉద్యోగాలకు అర్హత. మ్యూజియాలు, గ్యాలరీలు, వేలం సంస్థల కేటలాగులు, ప్రచురణ సంస్థలు, ఇంటర్నేషనల్ స్కూళ్లలో డ్రామా టీచర్ పోస్టులు ఉన్నాయి. సంఖ్య తక్కువ, మొదటి రెండేళ్లు జీతమూ తక్కువే. అందుకని ఇంగ్లిష్‌తోపాటు తెలుగులోనూ రాయమనండి. రెండు భాషల్లో శుభ్రంగా రాయగలిగేవాళ్లు నిజంగా దొరకడం లేదు.

డిగ్రీ ఇప్పుడే మార్పించొద్దు. ఈ ఆదివారం ఇద్దరూ సాలార్‌జంగ్‌కు వెళ్లండి (శుక్రవారం సెలవు). ఆ జంట విగ్రహం దగ్గర అరగంట నిలబడి, ఇంటికొచ్చాక విడివిడిగా చెరో పేజీ రాయండి. అవును, మీరూ. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివాక కూడా మార్పించాలనే అనిపిస్తే మళ్లీ ఉత్తరం రాయండి, అప్పుడు ఎంబీఏ గురించి మాట్లాడుకుందాం.