ఫ్రీ బేసిక్స్‌ను ఆపేసి పేదవాళ్ల నోటికాడ కూడు తీసినట్టు కాదా?

కొన్ని సైట్లను డేటా ఛార్జీ లేకుండా చూపించడానికి ఫేస్‌బుక్ తెచ్చిన పథకం ఫ్రీ బేసిక్స్. ఉచితంగా ఇస్తానంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఎందుకు వద్దంది, నష్టపోయింది పేదవాళ్లే కదా అని కొందరు అడిగారు. అప్పట్లో మా ఊరి బస్టాండ్ దగ్గర నాకు రీఛార్జ్ షాపు ఉండేది. కౌంటర్ ఇవతల నుంచి చూసింది చెప్తాను.

ఆ రోజుల్లో ఒక్క వాట్సాప్‌కో, ఒక్క ఫేస్‌బుక్‌కో పనికొచ్చే చిన్న ప్యాక్‌లు అమ్మేవాళ్లం. చవక కాబట్టి ఆటోవాళ్లు, కూలికెళ్లే కుర్రాళ్లు అవే వేయించుకునేవారు. మర్నాడే గొడవకొచ్చేవారు: "అన్నా, ప్యాక్ వేశావుగా, మెయిన్ బ్యాలెన్స్ ఎందుకు కట్ అయింది?" ఫోన్ చూస్తే, వాట్సాప్‌లో ఎవరో పంపిన లింక్ నొక్కి ఉంటారు. అది బ్రౌజర్లో తెరుచుకుంటుంది. ప్యాక్‌లో బ్రౌజర్ లేదు. మాట్లాడుకోవడానికి వేయించుకున్న డబ్బులు కేబీల లెక్కన ఊడ్చుకుపోయేవి. ప్లాన్ పెట్టింది కంపెనీ, తిట్లు తిన్నది నేను.

ఫ్రీ బేసిక్స్ కూడా ఆ తానులో ముక్కే. 2015 ఫిబ్రవరిలో ఇంటర్నెట్.ఆర్గ్ పేరుతో రిలయన్స్ కమ్యూనికేషన్స్ నెట్‌వర్క్ మీద మొదలైంది. మొదటి ఆరు రాష్ట్రాల్లో మన రెండూ ఉన్నాయి, తెలుగులో కూడా వచ్చింది. బయటి లింక్ నొక్కితే ఛార్జీ పడుతుందని ముందే చెప్పేది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ లోపల ఏముండాలో తేల్చేది ఫేస్‌బుక్. యూట్యూబ్ లేదు, గూగుల్ సెర్చ్ లేదు.

2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తేల్చేసింది: ఏ సైటు చూస్తున్నారన్నదాన్ని బట్టి డేటాకు వేర్వేరు రేట్లు కుదరవు. తప్పితే రోజుకు 50 వేలు, గరిష్ఠంగా 50 లక్షల రూపాయల జరిమానా. మా వాట్సాప్ ప్యాక్‌లకూ దాంతోనే నూకలు చెల్లాయి.

మరి పేదవాడికి ఏం దక్కింది? నిజం చెప్పాలంటే, నెట్‌ను చవక చేసింది ఆ నిబంధన కాదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో జియో వచ్చాక మొదలైన పోటీ. కాకపోతే చవకైనప్పుడు నెట్ మొత్తం చవకైంది, నాలుగు యాప్‌లు కాదు. ప్యాక్ తీసుకున్నాక ఏ లింక్ నొక్కాలో ఎవరినీ అడగక్కర్లేదు.

రీఛార్జ్‌తో ఓటీటీ ఫ్రీ అంటున్నారు, అది తప్పు కాదా అనే సందేహం కూడా చాలామందికి ఉంటుంది. కాదు. అక్కడ ఫ్రీ సబ్‌స్క్రిప్షన్ మాత్రమే. సినిమా చూసేటప్పుడు డేటా మీ ప్యాక్‌లోంచే, మిగతా సైట్లకు కట్ అయినట్టే కట్ అవుతుంది.