నరసన్నపేట దగ్గర పల్లెలో ఉండి ఆన్‌లైన్‌లో తెలుగు పుస్తకాలు ఎలా వెతుక్కోవాలి?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. ఇక్కడి షాపుల్లో గైడ్లు, టెస్ట్ పేపర్లు తప్ప వేరే పుస్తకాలు దొరకవు. ఆన్‌లైన్‌లో చూద్దామంటే ఏ సైట్ తెరిచినా అవే పుస్తకాలు తిప్పి తిప్పి చూపిస్తోంది. కథలు, నవలలు, చరిత్ర, సైన్సు అన్నీ కొంచెం కొంచెం చూసి ఎంచుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: పుస్తకాలు చూసే చోటు వేరు, కొనే చోటు వేరు అని పెట్టుకోండి. మీ ఇబ్బంది సగం అక్కడే తీరిపోతుంది. నా పుట్టిల్లు విజయనగరం, అత్తవారిది శ్రీకాకుళం, ఉద్యోగం ప్రభుత్వ హైస్కూల్లో. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్లలా సాయంత్రం పుస్తకాల షాపుకి వెళ్లి రెండు గంటలు నిలబడి తిరగేసే వీలు నాకూ లేదు. నా తిరగేయడమంతా ఫోన్‌లోనే.

షాపింగ్ యాప్‌లో 'తెలుగు నవలలు' అని కొట్టి చూడండి. పైన స్పాన్సర్డ్ అని ఒకటి రెండు వరసలు. వాటి కింద డబ్బు సంపాదించడం ఎలా, అలవాట్లు మార్చుకోవడం ఎలా అని చెప్పే అనువాదాలు. ఆ తర్వాత భగవద్గీత, గ్రూప్-2 మెటీరియల్. నవల ఎక్కడో అడుగున ఉంటుంది. సరే, రివ్యూలు చూద్దామంటే 'ప్యాకింగ్ బాగుంది' అని అయిదు నక్షత్రాలు ఒకరు, 'డెలివరీ లేటు' అని ఒక్క నక్షత్రం ఇంకొకరు. లోపల ఏముందో చెప్పిన పుణ్యాత్ములు అరుదు. ఎక్కువ అమ్ముడయ్యేదాన్నే యాప్ పైకి తోస్తుంది. తెలుగు కథల పుస్తకం వెయ్యి కాపీలు వేస్తే అవి అమ్ముడవడానికే ఏళ్లు పడుతుంది, అలాంటి పుస్తకం పైకి ఎలా వస్తుంది? అందుకే నేను యాప్‌లోకి పేరు తెలిసిన పుస్తకం కోసమే వెళ్తాను. చూడటానికి వెళ్లను.

చూడటానికి మీకు మొదటి గుమ్మం ఇంటి పక్కనే ఉంది. కాళీపట్నం రామారావు గారు, అదే మన కారా మాస్టారు, 1997లో శ్రీకాకుళం విశాఖ 'ఎ' కాలనీలో కథానిలయం పెట్టారు. తెలుగులో అచ్చయిన కథలన్నీ ఒక చోట చేర్చాలని ఆయన పట్టుదల. దానికి వెబ్‌సైట్ కూడా ఉంది. అందులో రచయిత పేరు పట్టుకుని వెళ్తే వాళ్ల కథల పేర్లు, అవి ఏ పత్రికలో ఎప్పుడు వచ్చాయి అన్న వివరాలు కనిపిస్తాయి. చాలా కథలకు స్కాన్ చేసిన పేజీలు కూడా ఉన్నాయి. పాత వారపత్రిక పేజీ తెరిస్తే కథ ఒక కాలమ్‌లో, పక్కన తలనూనె ప్రకటన ఇంకో కాలమ్‌లో ఉంటాయి. నేను ఆ ప్రకటనలు కూడా వదలను, అది నా పిచ్చి.

దీన్ని ఎలా వాడుకోవాలంటే, ఒక రచయితతో మొదలుపెట్టండి. మా విజయనగరం చాసో ఉన్నారు, చాగంటి సోమయాజులు గారు. రాసింది తక్కువ, కథలు కూడా చాలావరకు చిన్నవే. రెండు మూడు చదివితే మీకు పడుతుందో లేదో తెలిసిపోతుంది. పడితే సంపుటి కొనుక్కోండి. పడకపోతే పది రూపాయలు కూడా పోలేదు కదా. అలా కారా, రావిశాస్త్రి, అట్టాడ అప్పల్నాయుడు, గంటేడ గౌరునాయుడు అని మన ప్రాంతం వాళ్లతోనే కొన్నాళ్లు గడిచిపోతుంది. మన మాట, మన పొలం గట్లు, మన కోర్టు గుమాస్తాలు కనిపిస్తారు కాబట్టి చదువు అలవాటు లేని వాళ్లకు కూడా పట్టు చిక్కుతుంది. ఆ తర్వాత రాయలసీమకో తెలంగాణకో వెళ్లడం తేలిక.

ఒకే రచయిత వద్దు, రకరకాలు కావాలంటే సంకలనాలు చూడండి. కథాసాహితి వాళ్లు 1990 నుంచి ఏడాదికొకటి చొప్పున 'కథ' పేరుతో ఆ సంవత్సరపు కథలను ఏరి పుస్తకంగా తెస్తున్నారు. ఒక్కటి కొంటే పది పన్నెండు మంది చేతిరాత రుచి తెలుస్తుంది. ఇక సంకలనంలోనైనా, విడి పుస్తకంలోనైనా ముందుమాట వదలకండి. అందరూ దాన్ని దాటేస్తారు గానీ, నా తర్వాతి పుస్తకాలు చాలావరకు ముందుమాటల్లోనే దొరికాయి. 'ఈ వస్తువుని ఫలానావారు ఇంతకుముందే రాశారు' అని ఒక వాక్యం ఉంటుంది. ఆ పేరు రాసి పెట్టుకోవాలి. అలాగే చివరి అట్ట లోపల 'మా ఇతర ప్రచురణలు' అని సన్న అక్షరాల్లో జాబితా ఉంటుంది. ఏ యాప్ సిఫారసు కంటే అది నయం, ఎందుకంటే ఒక పబ్లిషర్ అభిరుచి మీకు నచ్చితే అదే చెట్టు కాయలు ఇంకా ఉంటాయి కదా.

సమీక్షలకు నేను చూసేవి రెండు. పుస్తకం.నెట్ 2009 నుంచి ఉంది, పుస్తకాల గురించి తప్ప ఇంకేమీ ఉండదు. పాత పోస్టుల్లోకి వెళ్తే మీరు ఎన్నడూ వినని పుస్తకాలు తగులుతాయి. ఈమాట 1998 నుంచి వస్తున్న వెబ్ పత్రిక. కథలు, కవితలు, వ్యాసాలతో పాటు సమీక్షలూ ఉంటాయి, పాత సంచికలన్నీ ఉచితం. సమీక్షలో 'అద్భుతం, అమోఘం' తప్ప ఏమీ లేకపోతే పక్కన పెట్టేయండి, అది స్నేహితుడు రాసిందే అయ్యుంటుంది. పుస్తకంలోంచి నాలుగు వాక్యాలు ఎత్తి చూపించి, ఒకచోట నసిగినవాడి మాట నమ్మొచ్చు.

ఇక చరిత్ర. ఇది నాకు బాగా ఇష్టమైన భాగం, కొంచెం పొడుగు అవుతుంది, ఏమీ అనుకోకండి.

ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైట్లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేయించిన పాత తెలుగు పుస్తకాలు కుప్పలుగా ఉన్నాయి. డబ్బు కట్టక్కర్లేదు. చిక్కల్లా వెతకడంలోనే. పుస్తకాల పేర్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు, ఎవరికి తోచిన స్పెల్లింగ్ వాళ్లు వేశారు. ఒకరు దీర్ఘానికి రెండు 'ఎ'లు వేస్తే ఇంకొకరు ఒకటే వేస్తారు. చివర 'ము' ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. కాబట్టి పూర్తి పేరు కొట్టొద్దు. పేరులో ఒక్క మాట, రచయిత ఇంటి పేరు కొట్టి, భాష దగ్గర తెలుగు ఎంచుకోండి. రాకపోతే స్పెల్లింగ్ మార్చండి. తెలుగు లిపిలో కూడా ఓసారి కొట్టి చూడండి.

మన జిల్లాల చరిత్ర కావాలంటే ఇంకో సంగతి తెలిసి ఉండాలి. శ్రీకాకుళం జిల్లా ఏర్పడిందే 1950లో, విజయనగరం జిల్లా 1979లో. అంతకుముందు రాసిన పుస్తకాల్లో ఆ పేర్లతో జిల్లాలు ఎలా దొరుకుతాయి? 1936లో ఒరిస్సా విడిపోయేవరకు శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది, తెల్లవాళ్లు దాన్ని చికాకోల్ అని రాసేవాళ్లు. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం వైపంతా విజగపటం జిల్లా. ఈ పాత పేర్లు కొడితే తలుపులు తెరుచుకుంటాయి. 1882 నాటి గంజాం జిల్లా మాన్యువల్, 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన విజగపటం గెజిటీర్ (జిల్లా వివరాలన్నీ చెప్పే సర్కారు పుస్తకం) రెండూ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. ఇంగ్లీషే, కానీ కష్టమైన ఇంగ్లీషు కాదు. గెజిటీర్‌ని మొదటి పేజీ నుంచి చదవాలని కూర్చుంటే నిద్ర వస్తుంది. చివర్లో తాలూకాల వారీగా ఊళ్ల వివరాలుంటాయి, మీకు తెలిసిన ఊరి పేరు చూసి అక్కడ మొదలుపెట్టండి. తెల్ల అధికారి చూపుతో రాసిందని మాత్రం గుర్తుంచుకుని చదవాలి. గిరిజనుల గురించి, కరువుల గురించి రాసిన చోట ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఏ పాత పుస్తకమైనా అది ఏ ముద్రణో చూసుకోండి. గురజాడ వారి కన్యాశుల్కం 1897లో ఒకసారి అచ్చయింది, 1909లో ఆయనే బాగా పెంచి, మార్చి మళ్లీ వేయించారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే దాదాపు రెండు నాటకాలు. మనం మాట్లాడుకునే మధురవాణి, గిరీశం రెండోదాంట్లో వాళ్లే. డౌన్‌లోడ్ చేసే ముందు ఆ సంవత్సరం చూడకపోతే 'ఇందులో ఆ సీను లేదేంటి' అని తల పట్టుకుంటారు. స్కాన్ మసకగా ఉంటే తెలుగు వికీసోర్స్‌కి వెళ్లండి, అక్కడ వాలంటీర్లు పాత పుస్తకాలను టైపు చేసి పెట్టారు. ఫోన్‌లో చదవడానికి కళ్లకు హాయి.

ఇలా ఉచితంగా చదువుకోవడం తప్పు కాదా అని మా స్టాఫ్ రూమ్‌లో అడుగుతుంటారు. మన దేశంలో రచయిత పోయిన 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. గురజాడ 1915లో, గిడుగు రామమూర్తి గారు 1940లో పోయారు కాబట్టి వాళ్లవి ఎవరైనా చదువుకోవచ్చు, అచ్చు కూడా వేసుకోవచ్చు. చాసో 1994లో పోయారు, ఆయన పుస్తకం కొనుక్కోవాల్సిందే. బతికున్న రచయితల నవలలు పీడీఎఫ్ చేసి టెలిగ్రామ్ గ్రూపుల్లో పంచుతున్నారు చూశారా, వాటి జోలికి వెళ్లకండి. మన వైపు రచయితలు చాలామంది జీతం డబ్బుతో పుస్తకం వేసుకుని, కాపీలు ఇంట్లో మంచం కింద పెట్టుకున్నవాళ్లే.

ఇంకో హెచ్చరిక. ఈ ఉచిత స్కాన్లనే తీసుకుని, అట్ట వేసి, ఆరేడు వందలకు అమ్మేవాళ్లున్నారు. మా స్కూల్లో ఒక మాస్టారు అలాంటిది తెప్పించారు. తెరిచి చూస్తే ఏదో లైబ్రరీ గుండ్రటి ముద్ర బూడిద రంగులో అచ్చయింది. ఒక పేజీ మూలన స్కాన్ చేసిన మనిషి బొటనవేలు కూడా ఉంది! పాత పుస్తకానికి 'రీప్రింట్' అని రాసి, పబ్లిషర్ పేరు ఎప్పుడూ విననిదై, లోపలి పేజీల నమూనా చూపించకపోతే ముందు ఆర్కైవ్‌లో వెతకండి.

కొత్త నాన్ ఫిక్షన్‌కి నేను పబ్లిషర్‌ని పట్టుకుంటాను. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 1980 నుంచి సమాజం, చరిత్ర, ఆరోగ్యం, ఆత్మకథల మీద పుస్తకాలు తెస్తోంది, అందులో మంచి అనువాదాలు చాలా ఉన్నాయి. నేషనల్ బుక్ ట్రస్ట్, సాహిత్య అకాడమీ తెలుగు పుస్తకాలు తక్కువ ధరకే వస్తాయి, అట్టలు మాత్రం చూడకండి, అవి అలాగే ఉంటాయి. అనువాదమైతే అనువాదకుల పేరు అట్ట మీద ఉందా అని చూస్తాను. పేరు వేయని అనువాదం మీద నాకు నమ్మకం లేదు. తర్వాత విషయసూచిక. విషయసూచిక, లోపలి రెండు పేజీలు కూడా చూపించని చోట చరిత్ర గానీ సైన్సు గానీ కొనను. సైన్సులో తెలుగులో పెద్దవాళ్ల కోసం వచ్చేవి తక్కువే. పిల్లల కోసమైతే మంచి పుస్తకం వాళ్లవి, ప్రథమ్ బుక్స్ స్టోరీవీవర్‌లో ఉచితంగా ఉన్నవి చూడండి, పెద్దవాళ్లకు కూడా బాగుంటాయి.

ఈ-పుస్తకాలు చదివే అమెజాన్ పరికరం కిండిల్ కొందామని అనుకుంటుంటే ఆగండి. 2016లో అందులో అయిదు భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టారు, ఆ అయిదింటిలో తెలుగు లేదు. స్కాన్ పీడీఎఫ్‌లు ఆ చిన్న తెర మీద చీమల బారే. బస్సు ప్రయాణాలుంటే దాసుభాషితం యాప్‌లో తెలుగు శ్రవణ పుస్తకాలు వినొచ్చు. ప్రతిలిపి యాప్‌లో కొత్తవాళ్లు రాసే సీరియళ్లు బోలెడు, నాకు ఓపిక లేదు గానీ మా ఆడపడుచు రోజూ చదువుతుంది.

కొనేటప్పుడు పుస్తకం పేరు, రచయిత పేరు తెలిసిపోయింది కాబట్టి పని సులువు. ముందు పబ్లిషర్ సొంత సైట్లో చూస్తాను, లేదా పుస్తకంలో వేసిన నంబర్‌కి వాట్సాప్ పెడతాను. చాలామంది ఫోన్ పే చేయించుకుని పోస్టులో పంపుతారు. ఒక్క పుస్తకం తెప్పిస్తే పోస్టు ఖర్చు బరువనిపిస్తుంది, అందుకే నాలుగైదు కలిపి చెప్పడం మేలు. 2025 మే నుంచి పోస్టాఫీసుల్లో పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల ప్యాకెట్‌కి 100 రూపాయలు, పన్ను అదనం. పంపేవాళ్లకు తెలియకపోతే మీరే గుర్తు చేయండి. డిసెంబర్, జనవరిల్లో హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనల కోసం అందరూ కొత్త పుస్తకాలు దించుతారు. ఆ రోజుల్లో పబ్లిషర్ల ఫేస్‌బుక్ పేజీలు చూస్తే ఏడాదికి సరిపడా పేర్లు దొరుకుతాయి.

కొరియర్లు పల్లెకి రావు, 'నరసన్నపేట వచ్చి తీసుకోండి' అంటారు. పోస్టయితే ఇంటికే వస్తుంది. మా పోస్ట్‌మ్యాన్ అయితే గేటు దగ్గరే 'ఏటి మేడమ్, మళ్లీ పుస్తకాలేనా' అని అరుస్తాడు. అడ్రస్‌లో ఊరి పేరుతో పాటు మీ బ్రాంచ్ పోస్టాఫీసు పేరు, పిన్ కోడ్ తప్పనిసరిగా రాయండి. వానాకాలమైతే ప్లాస్టిక్ కవర్ వేసి పంపమని ముందే చెప్పండి.