ఓలంజపిన్ 15కి పెంచాక పొద్దెక్కినా లేవడం లేదా? బిళ్ల విరిచేముందు వేళ చూడండి

అమ్మా, మీ ప్రశ్న ఇది కదా: పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే మీ మరిదికి మానసిక జబ్బుకి ఇచ్చే ఓలంజపిన్ మందుని 10 నుంచి 15 మిల్లీగ్రాములకు పెంచి మూడు వారాలైంది. రాత్రి సెల్లు చూసి చూసి పదకొండుకి బిళ్ల వేసుకుంటున్నాడు, పొద్దున్న పదైనా లేవడం లేదు. ఈ నెలలోనే బీడీలు మానేశాడు. సగం బిళ్ల తగ్గించేయొచ్చా?

మీ అంతట మీరు తగ్గించకండి. మీరు రాసినదాంట్లోనే డోసు కాకుండా రెండు కారణాలు కనిపిస్తున్నాయి.

మొదటిది వేళ. ఓలంజపిన్ మింగాక రక్తంలో పూర్తిగా ఎక్కడానికి సుమారు 6 గంటలు పడుతుంది. పదకొండుకి వేస్తే తెల్లవారుజాము ఐదుకి మందు పతాక స్థాయిలో ఉంటుంది, అంటే లేవాల్సిన వేళకే మత్తు ఎక్కువ. డాక్టరుకి ఒక ఫోను చేసి అడిగి, రాత్రి ఏడున్నర, ఎనిమిదికి జరపండి. ఈ మందుకి తిండితో పేచీ లేదు, భోజనానికి ముందైనా తర్వాతైనా ఒకటే. కాకపోతే బిళ్ల పడ్డాక బండి తీయకూడదు. మార్చిన మర్నాడే ఫలితం తేల్చకండి. ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు 30 గంటలు పడుతుంది కాబట్టి ఏ మార్పైనా కుదురుకోవడానికి వారం కావాలి. "నిన్న సగం వేశాం, ఇవాళ చలాకీగా ఉన్నాడు" అనేది అందుకే నమ్మదగ్గ లెక్క కాదు.

రెండోది బీడీలు. దీన్ని చాలామంది డాక్టరుకి చెప్పరు, చెప్పి తీరాలి. పొగలోని తారు పదార్థాలు కాలేయంలో ఒక ఎంజైమును రెచ్చగొడతాయి. ఓలంజపిన్‌ని, అదే కోవకి చెందిన క్లోజపిన్‌ని విరగ్గొట్టి బయటికి పంపేది అదే. పొగ తాగేవాళ్లలో ఓలంజపిన్ సుమారు 40 శాతం వేగంగా ఖర్చయిపోతుంది. బీడీ మానేసిన వారంలో ఆ ఎంజైము నెమ్మదిస్తుంది, అదే బిళ్ల పెద్ద డోసులా పనిచేస్తుంది. అతనికి 15 ఎక్కువైందంటే కారణం ఇదే కావచ్చు. అలాగని మళ్లీ బీడీ అంటించనివ్వకండి. రోజుకి ఎన్ని కాల్చేవాడో, ఏ తేదీన మానేశాడో చెబితే డోసు సరిచేయడం డాక్టరు పని. మన తీరం ఊళ్లలో అడ్డపొగ చుట్ట (నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే పెద్దావిడల విషయంలోనూ ఇంతే. ఆసుపత్రిలో చుట్ట దొరకక మత్తుగా పడుంటారు, ఇంటికొచ్చి మళ్లీ మొదలుపెడితే మందు చాలక జబ్బు తిరగబెడుతుంది.

ఇక డోసుకీ మగతకీ సంబంధం. మగత ఎక్కువగా మెదడులో మెలకువను నిలిపే హిస్టమిన్ గ్రాహకాలను మందు మూసేయడం వల్ల వస్తుంది, ఆ పని చిన్న డోసులోనే చాలావరకు అయిపోతుంది. ఇదే కోవ మందైన క్వెటియపిన్ చూడండి: 25, 50 మిల్లీగ్రాములకే నిద్ర ముంచుకొస్తుంది, జబ్బు అదుపుకి మాత్రం తరచుగా 300కి పైన కావాలి. అందుకే డోసు సగం చేస్తే మగత సగం అవదు, జబ్బు మీద పట్టు మాత్రం సడలుతుంది. ఈ కోవ మందుల్లోనే క్లోజపిన్, క్లోర్‌ప్రొమజిన్‌లతో మగత బాగా ఎక్కువ, రిస్పెరిడోన్‌తో కొంత తక్కువ, అరిపిప్రజోల్‌తో ఇంకా తక్కువ. అరిపిప్రజోల్ కొందరికి నిద్రే పట్టనివ్వదు, అందుకే దాన్ని ఎక్కువగా పొద్దున్న ఇస్తారు.

మందుల చీటీ మొత్తం ఒకసారి చదవండి. నిద్రకీ ఆందోళనకీ ఇచ్చే క్లోనజెపామ్, లోరజెపామ్ ఉంటే మత్తులో వాటి వాటా పెద్దదే, కానీ వారాల తరబడి వాడినవాటిని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. జలుబుకి వేసే సెట్రిజిన్, దగ్గు మందు మగతను పెంచుతాయి. విరేచనాలకి ఊళ్లో ఇచ్చే సిప్రోఫ్లోక్సాసిన్ పైన చెప్పిన ఎంజైమునే ఆపుతుంది, క్లోజపిన్ వాడేవాళ్లకి అది మరీ ప్రమాదం. కల్లు, సారా పూర్తిగా వద్దు. బిళ్ల పేరు పక్కన ఎస్సార్, ఎక్సార్ అని ఉంటే విరవకూడదు, నూరకూడదు. మెల్లగా విడుదల కావాల్సిన మందంతా ఒకేసారి దిగిపోతుంది.

కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస వైపు వాళ్లకి ఇంకో మాట. ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి తెలిసిందే. రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్, లిథియం కిడ్నీల గుండా పోవాలి, కిడ్నీ మందగిస్తే మామూలు డోసే పేరుకుపోతుంది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు చూపించకుండా ఆ మందులు పెంచుకోకండి. ఓలంజపిన్‌కి ఆ చిక్కు తక్కువ.

పడుకున్నదంతా నిద్ర కాదు. కళ్లు తెరిచే ఉండి, కదలికలు నెమ్మదించి, మొహంలో భావం లేకుండా ఉంటే అది మందువల్ల వచ్చిన కండరాల బిగుతు కావచ్చు, దానికి చికిత్స వేరు. దాహం, మాటిమాటికీ మూత్రం ఉంటే పరగడుపు షుగర్ చూపించండి. బరువు పెరిగి గట్టిగా గురక పెడుతుంటే ఆ సంగతీ చెప్పండి.

ఏడు రోజులు ఒక కాగితం మీద రాయండి: బిళ్ల వేసిన టైము, నిద్రపోయిన టైము, తనంతట తాను లేచిన టైము, మధ్యాన్నం ఎంతసేపు పడుకున్నాడు. "మత్తుగా ఉంటున్నాడండి" అంటే డాక్టరుకి ఏమీ తెలియదు, ఆ కాగితం చూస్తే తెలుస్తుంది. పగటి మగత పోయేదాకా జీడిపిక్కలు కోసే కట్టరు దగ్గరా, బాయిలరు దగ్గరా నిలబడనివ్వకండి. మంచం మీంచి లేచేముందు రెండు నిమిషాలు కూర్చోమనండి, బీపీ పడిపోయి తూలిపడేది ఆ క్షణంలోనే.

తట్టి లేపినా లేవకపోయినా, ఊపిరి గురగురలాడినా, జ్వరంతో ఒళ్లు కొయ్యబారి మాట తడబడినా 108కి ఫోను చేసి శ్రీకాకుళం రిమ్స్‌కో దగ్గర్లోని పెద్దాసుపత్రికో తీసుకెళ్లండి. ప్రాణాపాయం లేని సందేహమైతే రాత్రయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులో మాట్లాడతారు.

ఒక రాత్రి బిళ్ల మరిచిపోతే మర్నాడు రెండు కలిపి వేయకండి. ఎప్పుడైనా క్లోజపిన్‌కి మారిస్తే మాత్రం, రెండు రోజులు దాటి ఆగినప్పుడు పాత డోసు వేయనే కూడదు, డాక్టరు మళ్లీ 12.5 మిల్లీగ్రాముల నుంచి మొదలుపెట్టాల్సిందే.