అండమాన్‌లో ఏం చూడాలి, పెద్దవాళ్ళతో పిల్లలతో వెళ్తే ప్రమాదమా?

చూడాల్సిన చోట్ల జాబితా ఏ ప్యాకేజీవాడైనా ఇస్తాడు. వాడు చెప్పనిది ఒకటుంది: మీరు వెళ్ళే వేళకి సముద్రం పోటు మీదుందా (నీళ్ళు ఒడ్డుకి ఎక్కడం), పాటు మీదుందా (వెనక్కి తీయడం) అని. నన్నడిగితే హోటల్ కంటే ముందు చూసుకోవాల్సింది అదే. అక్కడ జరిగే ప్రమాదాల్లో సగం ఇది చూసుకోకే జరుగుతాయని నా గట్టి నమ్మకం.

నీల్ దీవిలో (ఇప్పుడు షహీద్ ద్వీప్ అంటున్నారు) లక్ష్మణ్‌పూర్ రెండో నంబర్ బీచ్ దగ్గర రాతి వంతెన ఉంది. మా ఏజెంటు కాగితంలో ఫెర్రీ దిగగానే, పొద్దున పదికల్లా అక్కడికే. డ్రైవర్ బెంగాలీ కుర్రాడు, "ఇప్పుడు నీళ్ళే కనిపిస్తాయి, మూడు దాటాక వెళ్దాం" అన్నాడు. ఏజెంటుకి ఫోన్ చేస్తే ప్రోగ్రాం మార్చడం కుదరదని ఒకటే గొడవ. మా మామగారు సముద్రం పక్కన పుట్టిన మనిషి. "నిన్ననే కదా బాబూ పౌర్ణమి, పాటు బాగా తీస్తుంది. ఆ అబ్బాయి చెప్పినట్టు విను" అన్నారు. విన్నాను.

మూడు దాటాక వెళ్తే, నీళ్ళు తీసేసిన చోటంతా చచ్చిన పగడాల బండ. గుంటల్లో మిగిలిన నీళ్ళలో వేలెడంత నీలం చేపలు, జానెడు పొడవున నల్లటి సముద్ర దోసకాయ (పేరుకే దోసకాయ, బతికున్న ప్రాణి). ఎవరి పిల్లాడో దాన్ని కాలితో నెట్టబోతే గైడ్ గట్టిగా అరిచాడు. అరవాలి కూడా. ఆ పిల్లాడి తండ్రి మాత్రం గైడ్ మీదే విసుక్కున్నాడు! పాచి పట్టిన రాళ్ళు, హవాయి చెప్పులతో వచ్చినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు జారుతున్నారు. మామగారు వెనక పట్టీ ఉన్న శాండల్స్ వేసుకుని, డ్రైవర్ భుజం పట్టుకుని, మోకాళ్ళ నొప్పితోనే వంతెన దాకా నడిచారు.

ఆ వంతెన ఒకప్పుడు నీటి అడుగున పెరిగిన పగడమే. నేల పైకి లేచాక అలలు కింద మెత్తగా ఉన్న భాగాన్ని తినేస్తూ వచ్చాయి, పైభాగం కమానులా మిగిలింది. అక్కడివాళ్ళు దాన్ని హౌరా బ్రిడ్జి అంటారు, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి స్థిరపడ్డ బెంగాలీల ఊళ్ళు కదా. సీతాపూర్, భరత్‌పూర్, రామ్‌నగర్ కూడా ఉన్నాయి, రామాయణమంతా ఒక్క చిన్న దీవిలోనే. అలలు తినడం ఇంకా ఆగలేదు. మాల్టా దగ్గర గోజో దీవిలో ఇలాంటి రాతి కమానే, అజూర్ విండో, 2017 మార్చిలో తుఫానుకి కూలిపోయింది. అయినా మనవాళ్ళకి సరిగ్గా దాని కిందే నిలబడి సెల్ఫీ కావాలి.

నేల కూడా కదులుతూనే ఉంది. 2004 భూకంపానికి అండమాన్ ఉత్తర భాగం లేచి పగడాలు బయటపడ్డాయి, దక్షిణాన నికోబార్ దీవుల చివర ఉన్న ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగి లైట్‌హౌస్ మొదలు నీళ్ళలోకి వెళ్ళింది.

అసలు ప్రమాదం తిరుగు దారిలో ఉంటుంది. పోటు మొదలైతే నీళ్ళు ఎదురుగా వస్తాయనుకుంటాం. కానీ ఇలాంటి బండల మీద ఒడ్డుకీ మనకీ మధ్య పల్లంగా ఉన్న కాలువలే ముందు నిండుతాయి. ఫోటోల్లో పడి ఉంటే వెనక దారి మూసుకుపోతుంది. గైడ్ వెళ్దామంటే బేరాలాడకుండా కదలండి. పౌర్ణమి, అమావాస్య రోజుల్లో పాటు ఎక్కువ తీస్తుంది, పోటూ అంతే ఎక్కువ వస్తుంది. మరుసటి రోజుకి వేళ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. కాబట్టి స్నేహితుడు పోయినేడు వెళ్ళిన టైము మీకు పనికిరాదు.

మొసళ్ళ సంగతి కూడా తేలిగ్గా తీసుకోవద్దు. 2010లో హావ్‌లాక్‌లో (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) ఒక పర్యాటకురాలిని మొసలి చంపింది. మడ అడవుల దగ్గర, బోర్డు పెట్టిన చోట నీళ్ళలో దిగొద్దు. గుల్లలు, పగడం ముక్కలు సంచిలో వేసుకోవద్దు, ఎయిర్‌పోర్టులో తీయిస్తారు. రాస్ దీవిలో (ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్) మర్రిజాతి చెట్ల వేళ్ళు బ్రిటిష్ కాలపు గోడల్ని చీలుస్తూనే పట్టి నిలబెడుతున్నాయి. ఆ గోడల మీదా పేర్లు చెక్కే ఘనులున్నారు. 1941 భూకంపాన్నీ, తర్వాత వచ్చిన జపాన్ సైన్యాన్నీ తట్టుకున్న గోడలవి! బారాటాంగ్ దారిలో "జారవాలు కనిపిస్తారా" అని అడగడం మానేయండి. ఆ ఆదివాసుల అడవిలోంచి మనం వెళ్తున్నాం, ఫోటోలు తీయడం నేరం.

పెద్దవాళ్ళని నిక్షేపంగా తీసుకెళ్ళొచ్చు. బారాటాంగ్ సున్నపురాయి గుహలకి మాత్రం పడవ దిగాక కిలోమీటరు పైనే నడక, మోకాళ్ళు చూసుకోండి. సముద్రం బాగాలేకపోతే ఫెర్రీలు రద్దు చేస్తారు. తిరుగు విమానానికి ముందురోజు రాత్రికల్లా పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) చేరిపోండి, ఏజెంటు ఏం చెప్పినా సరే.