జీన్ ఎడిటింగ్ చదువుతానంటున్న అమ్మాయికి ఏ డిగ్రీ మంచిది?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. వరి సాగు చేస్తాం. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. పంటల్లో జీన్ ఎడిటింగ్ చదువుతానంటోంది. బీటీ వంకాయనే ఆపేశారు కదా, రేపు ఉద్యోగం వస్తుందా అని నా టెన్షన్. బయోటెక్నాలజీలో చేర్చాలా, అగ్రికల్చర్‌లోనా?

జవాబు: బీటీ వంకాయ 2010లో ఆగిపోయిన మాట నిజమే. కానీ మీ అమ్మాయి అంటున్నది వేరు. బీటీ వంకాయలో, బీటీ పత్తిలో నేలలో ఉండే బీటీ అనే బ్యాక్టీరియా జన్యువును తెచ్చి పెట్టారు. జీన్ ఎడిటింగ్‌లో మొక్కకు ఉన్న జన్యువునే ఒకచోట సవరిస్తారు. బయటి డీఎన్ఏ మిగలని ఇలాంటి మొక్కలకు 2022లో కేంద్రం కఠినమైన జన్యుమార్పిడి (జీఎం) పంటల నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. ఈ పద్ధతిని వ్యతిరేకించే రైతు సంఘాలూ ఉన్నాయి. వాళ్ల మాట కూడా తను వినాలి.

2025 మేలో ఇలాంటి రెండు వరి రకాలను ప్రకటించారు. ఒకటి కమల. బాపట్లలో పుట్టిన మన సాంబ మసూరినే రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థలో సవరించారు. దాదాపు 20 రోజులు ముందే కోతకు వస్తుందని చెబుతున్నారు. ఆ 20 రోజుల కాలవ నీళ్లు ఎంత విలువైనవో నేను మీకు చెప్పక్కర్లేదు. రెండోదాన్ని మార్టేరు రకం 1010 నుంచి ఢిల్లీలో తయారు చేశారు. అది చౌడును, బెట్టను తట్టుకోవడానికి. చూడండి, రెండింటికీ మూలం మన పొలాల్లో నిలబడ్డ రకాలే. ఏ రకంలో ఏ లోపం సవరించాలో తెలియాలంటే పంట తెలియాలి.

అందుకే నా ఓటు నాలుగేళ్ల బీఎస్సీ అగ్రికల్చర్‌కే. ఆ తర్వాత ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పరీక్ష రాసి ఎమ్మెస్సీలో ప్లాంట్ బ్రీడింగ్ (కొత్త పంట రకాల తయారీ) గానీ మాలిక్యులర్ బయాలజీ (జన్యువుల స్థాయి చదువు) గానీ తీసుకోవచ్చు. పీహెచ్‌డీతో కలిపి తొమ్మిదేళ్లకు తగ్గదు, దానికి ఇంట్లో అందరూ సిద్ధపడాలి. మధ్యలో ఆపాల్సి వచ్చినా వ్యవసాయాధికారి, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఆఫీసర్, విత్తన కంపెనీల ఉద్యోగాలకు ఈ డిగ్రీ పనికొస్తుంది. ఒట్టి బీఎస్సీ బయోటెక్నాలజీతో ఆగిపోయిన పిల్లలు ఉద్యోగానికి చాలా ఇబ్బంది పడటం చూశాను.

సీటు ఈఏపీసెట్ ర్యాంకుతో వస్తుంది. రైతు కోటా ఉంది కాబట్టి పొలం కాగితాలు ఇప్పుడే సరిచూసుకోండి. వీలైతే ఈ సెలవుల్లో అమ్మాయిని బాపట్ల వ్యవసాయ కళాశాలకు తీసుకెళ్లి, అక్కడి విద్యార్థులతో ఒక పూట మాట్లాడనివ్వండి.