ఫాగ్ బల్బులు మార్చాక అందరూ డిప్పర్ కొడుతున్నారు

ప్రశ్న: చలికాలంలో తెల్లవారుజామున నర్సీపట్నం నుంచి లంబసింగికి టూరిస్టులను తీసుకెళ్తుంటాను. కారుకి హెచ్11 హాలోజన్ ఫాగ్ బల్బులు ఉండేవి, వెలుగు చాలట్లేదని ఎల్‌ఈడీలు వేయించాను. రంగు 6,000 కెల్విన్ తెలుపు, వెలుగు పదివేల ల్యూమెన్లు అన్నాడు షాపతను. ఇప్పుడు ఎదురొచ్చే ప్రతి బండీ డిప్పర్ కొడుతోంది, పైగా మంచులో నా ముందే తెల్లగోడ కట్టినట్టుంది. ఏ బల్బు కొనాలి?
– ఓ పాఠకుడు, నర్సీపట్నం

జవాబు: ముందు ఆ పదివేల ల్యూమెన్ల సంగతి మర్చిపోండి, డబ్బా మీద సున్నాలు అచ్చేయడానికి ఖర్చేముంది! మీ పాత 55 వాట్ల హెచ్11 ఇచ్చేదే సుమారు 1,350 ల్యూమెన్లు. హాలోజన్‌లో వెలుగు పుట్టేది కొన్ని మిల్లీమీటర్ల పొడవున్న తీగ దగ్గర, ఆ తీగ సరిగ్గా ఎక్కడుంటుందో లెక్కేసుకునే లోపలి రిఫ్లెక్టర్‌ని వంచుతారు. ఎల్‌ఈడీ చిప్పులు ఆ చోటు నుంచి రెండు మిల్లీమీటర్లు జరిగినా, వాటి మధ్య పలక మందంగా ఉన్నా, రోడ్డు మీద పడాల్సిన వెలుగు పైకి లేస్తుంది. అది ఎదుటి డ్రైవర్ కళ్లలో పడుతుంది, మంచు తుంపరలకు తగిలి మీ కళ్లలోకీ తిరిగొస్తుంది. మీ తెల్లగోడ అదే.

కొనేటప్పుడు పాత బల్బు జేబులో వేసుకెళ్లి కొత్తదాని పక్కన పెట్టి చూడండి. బల్బు ల్యాంపులో ఆనుకుని కూర్చునే సీటింగ్ రింగు నుంచి తీగ ఎంత దూరంలో ఉందో చిప్పులూ అంతే దూరంలో, దాదాపు అంతే పొడవున ఉండాలి. పలక పల్చగా, చిప్పులు రెండు వైపులే ఉన్నది తీసుకోండి. చుట్టూ చిప్పులతో మొక్కజొన్న పొత్తులా ఉండేవి ఊరికే ఇచ్చినా వద్దు. బిగించాక చిప్పులు కుడి ఎడమలకు చూడాలి, పైకీ కిందికీ చూడకూడదు. రంగు 3,000 కెల్విన్ పసుపు చాలు. పసుపు మంచును చీల్చుకుపోతుందని అందరూ చెప్పేది నిజం కాదు, పొగమంచు బిందువులు అన్ని రంగుల్నీ దాదాపు ఒకేలా చెదరగొడతాయి, కాకపోతే నీలం తగ్గేసరికి కళ్లు జిగేల్‌మనవు. ఘాట్ రోడ్డు మీద అదే పెద్ద సుఖం.

రెండూ ఒకేసారి మార్చేయకండి. ఒక పక్క హాలోజన్ ఉంచి, రెండో పక్క ఎల్‌ఈడీ వేసి, చదునైన చోట గోడకు 25 అడుగుల దూరంలో బండి ఆపండి. ల్యాంపు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి గోడ మీద సుద్దతో గీత గీయండి. వెలుగు పై అంచు ఆ గీతకు 4 అంగుళాలు కిందుగా, వెడల్పుగా, కత్తితో కోసినట్టు కనపడాలి. అంచు బాగానే ఉండి ఎత్తు ఎక్కువైతే ల్యాంపు దగ్గరి స్క్రూ తిప్పితే దిగుతుంది. హాలోజన్ వైపు అంచు స్పష్టంగా ఉండి ఎల్‌ఈడీ వైపు చెదిరిపోతే ఇక ఆ స్క్రూతో కుస్తీ పట్టకండి, బల్బు వెనక్కిచ్చేయండి.

నన్నడిగితే, అసలు మీ ల్యాంపు అద్దం ఒకసారి చూసుకోమంటాను. బంపర్ కింద రాళ్లు తగిలి గీతలు పడి, బురద పట్టి మసకబారి ఉంటే ఏ బల్బు వేసినా వెలుగు చెదురుతుంది. అద్దం మార్చి కొత్త హాలోజన్లు వేసినా మీ పని జరిగిపోవచ్చు. ఆ ల్యాంపుకు కంపెనీ అనుమతి తెచ్చుకున్నదీ వాటితోనే.