టోక్యోకు ఒంటరిగా వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నాలుగు రాత్రులు టోక్యోలో ఒక్కదాన్నే గడిపి వస్తానంటూ నువ్వు రాసిన ఉత్తరమూ, దానితో జతపరిచిన 23 ప్రదేశాల జాబితా అందాయి. ఒంటరిగా వెళ్లడం గురించి నాకేమీ బెంగ లేదు. నేనూ రెండుసార్లు అలాగే వెళ్లి వచ్చాను. నా బెంగంతా ఆ జాబితా గురించే. అందులో క్యోటో కూడా ఉంది! బుల్లెట్ రైలులో పోవడానికి రెండు గంటలకు పైన, రావడానికి మళ్లీ అంత సమయం పట్టే ఊరిని ఇంత చిన్న ప్రయాణంలో ఇరికించవద్దు. ముందు దాన్ని కొట్టివేసి, ఆ తరువాత ఈ ఉత్తరం చదువు.

మిగిలిన వాటిని పేటల వారీగా విడదీసి, పూటకు ఒక్క పేట చొప్పున కేటాయించుకో. ఉవెనోలో జాతీయ మ్యూజియం చూసి గింజా లైన్ మెట్రో రైలు ఎక్కితే మూడో స్టేషనే అసకుసా, సెన్సోజి ఆలయం ఉన్నది అక్కడే. 1927లో టోక్యో తొలి భూగర్భ మెట్రో నడిచింది ఆ కాస్త దూరానికే. మెయిజీ మందిరం హరజుకు స్టేషన్‌కు ఆనుకునే ఉంటుంది, అక్కడి నుంచి షిబుయా ఒక్క స్టేషన్ దూరం కనుక నడిచినా పోవచ్చు. మెయిజీ మందిరాన్ని సూర్యోదయానికి తెరిచి సూర్యాస్తమయానికి మూసేస్తారు కాబట్టి దానికి ఉదయం కేటాయించు. సెన్సోజి ప్రాంగణంలోకి రాత్రి కూడా వెళ్లవచ్చు, నా మటుకు నాకు జనం పలచబడి దీపాలు వెలిగాకే అది బాగుంటుంది. మ్యూజియంలకు చాలావరకు సోమవారం సెలవు, ఆ సోమవారం పండుగ సెలవు రోజైతే ఆ రోజు తెరిచి ఉంచి మంగళవారం మూస్తారు. నగరాన్ని ఎత్తు నుంచి చూడాలన్న కోరికకు డబ్బు ఖర్చు పెట్టనక్కర్లేదు, షింజుకులోని నగర ప్రభుత్వ భవనంలో 202 మీటర్ల ఎత్తున ఉన్న 45వ అంతస్తుకు ఉచితంగానే పంపుతారు.

తేదీలు ఇంకా ఖాయం చేయలేదన్నావు. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా వచ్చే వరుస సెలవులను, ఆగస్టు నడిమి ఓబోన్ అనే పితృదేవతల పండుగ రోజులను తప్పించు. ఆ రోజుల్లో దేశమంతా ప్రయాణంలోనే ఉంటుంది. జూన్‌లో మొదలయ్యే వానలు జూలై సగం దాకా విడవవు.

హోటల్ విషయంలో గది సైజు గురించి ఆలోచించి లాభం లేదు, సూట్‌కేసు తెరవాలంటే మంచం మీదే తెరవాలి. చూడవలసింది స్టేషన్‌ను. యమనోతె లైన్ నగరం నడిబొడ్డును చుట్టి వచ్చే వలయం, 30 స్టేషన్లు, ఒక్క చుట్టుకు సుమారు గంట. ఆ లైన్ మీది ఏదో ఒక స్టేషన్‌కు నడిచి పోగలిగే చోట గది తీసుకుంటే, పొరపాటున అటు బదులు ఇటు రైలెక్కినా చివరికి నీ స్టేషన్ వస్తుంది.

అయితే స్టేషన్ పేరు ఒక్కటే తెలిస్తే చాలదు, ఏ ద్వారం నుంచి బయటికి రావాలో కూడా తెలియాలి. మొదటిసారి నేను షింజుకులో పడమటి వైపు రావలసినదాన్ని తూర్పు వైపు తేలాను. నా హోటల్ పట్టాల అవతల ఉంది, వాన పడుతోంది, చేతిలో పెట్టె. ఎదురుగా కనబడుతున్న భవనాన్ని చేరడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. 2020లో తూర్పు పడమరలను కలుపుతూ టికెట్ అవసరం లేని నడక దారి తెరిచారు గాని, ఆ స్టేషన్‌కు ద్వారాలు ఇప్పటికీ 200కు పైనే. పైగా టోక్యోలో చాలా వీధులకు పేర్లే ఉండవు, చిరునామా అంటే పేట, బ్లాకు, ఇంటి అంకెలు మాత్రమే. అందువల్ల వెళ్లదలచిన ప్రతి చోటుకూ స్టేషన్ పేరు, ద్వారం సంఖ్య, భవనంలో అంతస్తు, ఈ మూడూ కాగితం మీద రాసుకో. వాళ్లు 1వ అంతస్తు అనేది నేల అంతస్తునే.

నరితా విమానాశ్రయం నగరానికి సుమారు 60 కిలోమీటర్లు, హనెదా నగరంలోనే ఉంది. టికెట్ ధరలో పెద్ద తేడా లేకపోతే హనెదాకే దిగు. రైళ్లు అర్ధరాత్రి ప్రాంతంలో ఆగిపోయి మళ్లీ ఉదయం 5 గంటల వేళ మొదలవుతాయి కాబట్టి రాత్రి పొద్దుపోయి దిగే విమానం చవకైనా వద్దు. దిగగానే సుయికా లేదా పాస్మో అనే, ముందుగా డబ్బు నింపుకుని వాడే కార్డు తీసుకుంటే రైలుకూ బస్సుకూ చిన్న దుకాణాలకూ పనికి వస్తుంది. నగదు కూడా కొంత ఉంచుకో, నాణేలకు వేరే సంచి పెట్టుకో. 500 యెన్‌ల దాకా నాణెమే కనుక సాయంత్రానికి సంచి బరువెక్కుతుంది. నడుమ చిల్లు ఉన్నవి 5, 50 యెన్‌లవి.

తిండి దగ్గర ఒంటరితనం ఇబ్బంది పెట్టదు. గుమ్మం దగ్గరి యంత్రంలో టికెట్ కొని, వంటవాడి ఎదుట బల్ల ముందు ఒక్కొక్కరే కూర్చుని తినిపోయే చోట్లు ఎన్నో ఉన్నాయి. నువ్వు చేప ముట్టవు కనుక అసలు చిక్కు అక్కడ: కూరగాయల వంటకంలోనూ, నూడుల్స్ పులుసులోనూ ఎండుచేప తురుముతో కాచిన దాషి అనే రసం తరచుగా ఉంటుంది. దాషి కూడా వద్దని జపనీస్‌లో రాయించి ఫోన్‌లో ఉంచుకో, వీలైతే ఒక పూట బౌద్ధాలయాల శాకాహార వంట షోజిన్ ర్యోరి రుచి చూడు.

పాస్‌పోర్టును హోటల్‌లో దాచవద్దు, విదేశీ పర్యాటకులు దాన్ని వెంట ఉంచుకోవాలన్నది అక్కడి చట్టం. జలుబు మాత్రల చీటీ చదివి చూసుకో, సూడోఎఫెడ్రిన్ 10 శాతానికి మించి ఉన్న మందులను ఆ దేశంలోకి రానివ్వరు. ఉదయపు రద్దీలో కొన్ని లైన్లలో ఆడవాళ్లకు వేరే రైలు పెట్టె ఉంటుంది, ప్లాట్‌ఫామ్ మీద గులాబీ రంగు గుర్తు చూసి నిలబడు. రాత్రి షింజుకులోని బార్ల పేట కబుకిచో వీధుల్లో దుకాణంలోకి రమ్మని పిలిచేవారి వెంట ఎంత మర్యాదగా పిలిచినా వెళ్లవద్దు. దారి తప్పితే కోబాన్ అనే చిన్న పోలీసు గదిలో అడుగు, గోడ మీది పటం చూపించి చెబుతారు. పోలీసులకు 110, అంబులెన్సుకు 119.

చివరి రోజు ఉదయానికి ఏమీ పెట్టుకోకు. హోటల్ ఖాయం కాగానే స్టేషన్ పేరూ ద్వారం సంఖ్యా నాకు రాసి పంపు, జాబితాలో కొట్టివేయగా మిగిలినవి కూడా.

ఇట్లు,
మీ పెద్దమ్మ